‘ఎస్ ఎన్’తో మొదలయ్యే మాటలకు ముక్కుతో పనేమిటి?

ఇంగ్లీషు నిఘంటువులో ‘ఎస్ ఎన్’ అక్షరాలతో మొదలయ్యే పుటలను వరుసగా చదువుతూ పోతే, ముక్కుకు సంబంధించిన మాటలు అడుగడుగునా ఎదురవుతాయి. గురక పెట్టడం స్నోర్, తుమ్మడం స్నీజ్, వాసన చూడడం స్నిఫ్, ముక్కు ఎగబీల్చడం స్నిఫిల్, పంది మూతి స్నౌట్, చీమిడి స్నాట్, నస్యం స్నఫ్. మూతి ముడిచి ఎదుటివారిని హేళనగా చూడడం స్నీర్, కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమనడం స్నార్ల్. నీటి అడుగున ఈదేవారు గాలి పీల్చుకునే గొట్టానికి స్నోర్కెల్ అనే పేరు జర్మన్ జలాంతర్గాముల నుంచి వచ్చింది. అది పరాయి మాటే అయినా ఈ వరుసలో చక్కగా ఇమిడిపోయింది.

ఇవన్నీ ఒక ఉపసర్గ చేరడం వల్ల ఏర్పడిన మాటలు కావు. అన్‌హ్యాపీ అనే మాటలో ‘అన్’ను తీసివేస్తే హ్యాపీ అనే పూర్తి మాట మిగులుతుంది, కానీ స్నోర్ నుంచి మొదటి రెండు అక్షరాలను తీసివేస్తే మిగిలేదానికి గురకతో ఏ సంబంధమూ ఉండదు. అలాగని ఇది కేవలం కాకతాళీయమని కొట్టిపారేయడానికీ మనసొప్పదు. బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ 1930లో ఇటువంటి ధ్వనుల కూర్పులకు ‘ఫొనెస్థీమ్’ అని పేరు పెట్టారు. ఆయన అంతకుముందు లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేశారు, తరువాతి కాలంలో తెలుగు ఉచ్చారణను కూడా పరిశీలించారు. అందుకే ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు కొంత ఆత్మీయత కలుగుతుంది.

ఈ మాటల చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది స్నీజ్ కథ. ప్రాచీన ఇంగ్లీషులో తుమ్మడానికి ఉన్న క్రియ ‘ఎస్’తో కాక ‘ఎఫ్’తో, అంటే ‘ఫ్నెయోసాన్’ అని మొదలయ్యేది. కాలక్రమంలో ‘ఫ్న’తో మొదలయ్యే మాటలు దాదాపు అన్నీ వాడుకలోంచి జారిపోగా, ఇది ఒంటరిగా మిగిలింది. ఆనాటి రాతలో ‘ఎస్’ను పొడవుగా, చూడడానికి ‘ఎఫ్’లా కనిపించేటట్టు రాసేవారు కాబట్టి, చదివేవారు ఒకదానికి బదులు మరొకటి అనుకుని ఉంటారని పండితుల ఊహ. అయితే పొరపాటు ఎన్నో మాటలలో జరగవచ్చు, అన్నీ నిలవవు. ఈ మార్పు నిలవడానికి ముక్కును సూచించే తక్కిన మాటలు అప్పటికే ‘స్న’తో సిద్ధంగా ఉండడం కూడా తోడ్పడిందని నా నమ్మకం. తుమ్ముకు ఆ శబ్దం నప్పింది, అందుకే జనం దానిని ఉంచుకున్నారు.

‘జీ ఎల్’తో మొదలయ్యే మాటలది వెలుగు కుటుంబం. గ్లో, గ్లీమ్, గ్లిట్టర్, గ్లిమ్మర్, గ్లిసన్, గ్లింట్, కళ్లు చెదరగొట్టే గ్లేర్, మెరిసే పదార్థమైన గ్లాస్, ఇవన్నీ కాంతికి చెందినవే. ఒక్క క్షణం చూసే చూపుకు గ్లాన్స్, కనిపించీ కనిపించకుండా పోయే దృశ్యానికి గ్లింప్స్ అంటారు. ఈనాడు సంతోషాన్ని తెలిపే గ్లాడ్ కూడా తొలినాళ్లలో ‘ప్రకాశించే’ అనే అర్థంలోనే ఉండేది. వీటిలో చాలా మాటలకు ఐరోపా, ఉత్తర భారత భాషలలో చాలావాటికి తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలో మెరుపును తెలిపే ఒకే ధాతువు ఆధారమని చరిత్రకారులు చెబుతారు కాబట్టి, ఇక్కడి పోలికలో కొంత భాగం వట్టి రక్తసంబంధమే. కానీ గ్లామర్ అనే మాటకు ఆ చుట్టరికం లేదు. అది వ్యాకరణమనే అర్థమున్న గ్రామర్ నుంచి స్కాట్లాండులో పుట్టింది. చదువు వచ్చినవారికి మంత్రాలు కూడా వచ్చునని సామాన్యులు నమ్మిన రోజులలో ఆ మాటకు కనికట్టు అనే అర్థం ఏర్పడింది, ‘ర’కారం ‘ల’కారమైంది. స్కాట్లాండు కవి, నవలాకారుడు వాల్టర్ స్కాట్ రచనల ద్వారా అది ఇంగ్లీషు సాహిత్యంలో వ్యాపించి, చివరకు తళుకుబెళుకుల మాటగా స్థిరపడింది.

2004లో బెంజమిన్ బెర్గెన్ అనే పరిశోధకుడు ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా పరీక్షించారు. గ్లిట్టర్ వంటి మాటను చూపిన వెంటనే గ్లో వంటి మాటను చూపితే చదువరులు దానిని త్వరగా గుర్తుపట్టారు. అర్థం మాత్రమే కలిసే జంటల విషయంలో గాని, అక్షరాలు మాత్రమే కలిసే జంటల విషయంలో గాని అంత వేగం కనిపించలేదు. అంటే ఈ కుటుంబాలు నిఘంటువులోనే కాక మాట్లాడేవారి మనసులో కూడా ఉన్నాయన్నమాట.

అయినా దీనిని సూత్రంగా పట్టుకోకూడదు. స్నో, స్నేక్, స్నెయిల్ మాటలకు ముక్కుతో పని లేదు, గ్లవ్, గ్లూ మాటలలో వెలుగు లేదు. పోటీ పరీక్షల కోసం తెలియని మాటకు మొదటి రెండు అక్షరాలను బట్టి అర్థం ఊహించమని చెప్పేవారితో నేను ఏకీభవించను. ముందు అర్థం తెలుసుకుని, ఆ తరువాత కుటుంబంలో చేర్చుకుంటే మాట గట్టిగా గుర్తుంటుంది.

తెలుగువారికి ఈ సంగతి కొత్తగా అనిపించనక్కరలేదు. మెరుపు, మెరుగు, మిలమిల, మిణుకుమిణుకు, మిణుగురు, మిరుమిట్లు, మిసమిస, మిసిమి అనే మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. మెరుపును తమిళులు మిన్నల్ అనీ కన్నడిగులు మించు అనీ అంటారు కాబట్టి, ఇక్కడా కొంత చుట్టరికం ఉంది. అయితే మిలమిల, మిసమిస వంటి జంటమాటలను మనం వినగానే అర్థం చేసుకోవడానికి ధాతువులు తెలియనక్కరలేదు. వెలుగుకు శబ్దం లేకపోయినా మన చెవి దానికొక శబ్దాన్ని ఒప్పుకుంది. మిడత, మిరియం వంటి మాటలు ఈ వరుసకు బయటే ఉన్నాయి, తళతళ, ధగధగ వేరే దారిలో మెరుస్తున్నాయి.

మన బడులలో పిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ‘డబ్ల్యూ ఆర్’తో మొదలయ్యే మాటలు. ‘డబ్ల్యూ పలకదు, కానీ రాయాలి’ అని చెప్పి ఊరుకోవడం వల్ల అది అర్థం లేని శిక్షలా కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ అక్షరాన్ని నిజంగానే పలికేవారు. పిండడం రింగ్, మెలితిప్పడం రెంచ్, మెలిపెట్టి అల్లిన పూలదండ రీత్, మెలికలు తిరగడం రైద్, ముడత రింకిల్, తిరిగే మణికట్టు రిస్ట్, చేతులు మెలివేసి పట్టే కుస్తీ రెజిల్. తప్పు అనే అర్థమున్న రాంగ్ కూడా స్కాండినేవియా వారి పాత భాష అయిన ప్రాచీన నార్స్‌లో ‘వంకరైన’ అనే అర్థమున్న మాటకు సంబంధించినదే. 1653లో ఇంగ్లండు గణితవేత్త జాన్ వాలిస్ రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలోనే ఈ వంకర మాటలను ఒకచోట చేర్చి చూపారు. అందువల్ల ఉపాధ్యాయులు ఈ మాటలను బల్ల మీద ఒకే వరుసలో రాసి, తడిగుడ్డను పిండుతున్నట్టు చేతులు తిప్పి చూపితే, పలకని ఆ ‘డబ్ల్యూ’ ఎందుకు నిలిచి ఉందో పిల్లలకు మరొకసారి చెప్పవలసిన అవసరం ఉండదు.