దెయ్యాల మీటర్ కొనే ముందు ఇది చదవండి: మా పెద్దమ్మ ఇంట్లో నా అనుభవం

మొన్న ఆదివారమే మండపేట దగ్గర మా పెద్దమ్మ ఊరి నుంచి హైదరాబాద్ వచ్చాను. మనసు ఇంకా కుదుటపడలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. పెదనాన్న పోయి ఏడాదైంది. అప్పటి నుంచి తెల్లవారుజామున వెనక గదిలో ఎవరో నడుస్తున్నట్టు వినిపిస్తోందని పెద్దమ్మ చెబుతూనే ఉంది. అందరూ భ్రమ అని కొట్టిపారేశారు. నాకు మాత్రం సరైన పరికరాలతో రెండు రాత్రులు కూర్చుంటే ఏదో ఒకటి తేలుతుందనిపించింది.

రికార్డర్ తేలిగ్గానే దొరికింది. శబ్దాన్ని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ ఫైల్‌లో రికార్డు చేసేది ఏదైనా చాలు. కుర్చీ జరిపినా, దగ్గినా ఆ సంగతి అప్పుడే పైకి చెప్పండి, తర్వాత వినేటప్పుడు గుర్తుండదు. తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనకండి, అది ఎదురుగా ఉన్న గోడ వేడి చెబుతుంది కానీ గదిలో గాలి వేడి చెప్పదు. దెయ్యాల మాటలు వినిపిస్తుందని అమ్మే స్పిరిట్ బాక్స్ అసలే వద్దు. రేడియో స్టేషన్లను గబగబా తిప్పే పెట్టెలోంచి మాట ముక్కలు రాక ఏమొస్తాయి!

ఇక మీటర్. అయస్కాంత క్షేత్రం మారితే దెయ్యం ఉన్నట్టేనని నమ్మి, దెయ్యాలను వెతికేవాళ్లు ఎక్కువగా వాడే కె-2 రకమే తీసుకున్నాను. ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఐదు లైట్లు, ఎరుపు వెలిగిందంటే అయస్కాంత క్షేత్రం 20 మిల్లీగాస్ దాటినట్టు. "మెయిన్ ఆపేశాక కూడా వెలిగితే ఇంక అనుమానం అక్కర్లేదండీ" అని అమ్మినాయన ఫోన్‌లో గట్టిగా చెప్పాడు. నమ్మాను.

ఆ రాత్రి మెయిన్ ఆపేశాను. సెల్‌ఫోన్లకు కూడా ఆ మీటర్ వెలుగుతుంది కాబట్టి అన్నీ వీధి అరుగు మీద పెట్టించాను. బాబాయి, పిన్ని, పిల్లలు, పెద్దమ్మ అందరూ చాప మీద కూర్చున్నారు. 2:40కి వెనక గోడ దగ్గర పెట్టిన మీటర్ ఒక్కసారిగా ఎరుపు దాకా వెలిగింది. "ఉంది పెద్దమ్మా, ఇక్కడ ఏదో ఉంది" అనేశాను. పెద్దమ్మ లేచి, సున్నం రాలుతున్న ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి "ఏవండీ" అని పిలిచింది. పిన్ని ఏడుపు ఆపుకోలేకపోయింది. ఇరవై నిమిషాలకి లైట్లు ఆరిపోయాయి. "వెళ్లిపోయారా?" అని పెద్దమ్మ నన్నడిగింది. అవునన్నట్టు తలూపాను.

పొద్దున బాబాయి ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చాడు. అతను లోపలికి కూడా రాలేదు, గోడకి అవతలి వైపు చూసి పిలిచాడు. పక్కింటివాళ్ల బోరు మోటారు తీగ మా గోడకే మేకులు కొట్టి లాగారు. పగలు వోల్టేజీ చాలదని వాళ్లు తెల్లవారుజామున ట్యాంకు నింపుకుంటారట. కరెంటు తెచ్చే ఫేజు తీగ, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగ పక్కపక్కనే వెళితే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు చంపేస్తుంది. ఇక్కడ ఫేజు ఒక్కటే గోడ మీద ఉంది, న్యూట్రల్ వేరే దారిలో వెళ్లింది. మోటారు వేయించాడు, ఎరుపు. ఆపించాడు, ఆరిపోయింది. అందరి ముందూ మూడుసార్లు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, ఏమీ అనకుండా లోపలికెళ్లి నాకు కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆవిడ మొహం చూడలేకపోయాను.

మీటర్ వాపసు తీసుకోమంటే అమ్మినాయన "పనిచేసింది కదండీ" అని ఫోన్ పెట్టేశాడు. భర్త పోయిన మనిషి ఆశ మీద వ్యాపారం చేసేవాళ్లకి పైసా ఇవ్వకండి. కొనాలంటే అంకెలు చూపించే, మూడు దిక్కుల క్షేత్రాన్నీ కొలిచే మీటర్ కొనండి. కె-2 ఒక్క దిక్కే కొలుస్తుంది, చేతిలో అటు ఇటు తిప్పితే చాలు లైట్లు మారిపోతాయి. మెయిన్ ఆపడం ఒక్కటే చాలదు, పగలే ఇంటి చుట్టూ తిరిగి ప్రతి తీగా ఎక్కడికి పోతోందో చూసుకోండి. ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజనీరు తన ల్యాబ్‌లో కనిపించిన బూడిదరంగు ఆకారానికి కారణం వెతుక్కుంటూ పోతే, చెవికి వినపడని 19 హెర్ట్జ్ దగ్గర కంపిస్తున్న ఫ్యాన్ బయటపడింది. 1998లో దాన్ని పేపర్‌గా రాశాడు. వెతకడమంటే అలా వెతకాలి.

రికార్డింగ్ నిన్న రాత్రి విన్నాను. 2:31కి, అంటే మోటారు వేయడానికి తొమ్మిది నిమిషాల ముందు, వెనక గదిలో నాలుగు చప్పుళ్లున్నాయి. పెద్దమ్మకి ఫోన్ చేసి, అవేంటో నాకింకా తెలీదని చెప్పాను.

"తెలిశాకే చెప్పు నాన్నా" అంది.