కుట్టు కనపడని ఆపరేషన్

అమ్మకు ఆపరేషన్ అయిన మూడు వారాలకు మా మేనత్త సూర్యాపేట వచ్చింది పరామర్శకు. చేతిలో హార్లిక్స్ సీసా, అరడజను యాపిల్స్. మంచీ చెడూ అయ్యాక మెల్లగా అడిగింది: "ఏదీ, కుట్లు ఎక్కడేసిన్రు?" అమ్మ నోరు బార్లా తెరిచి లోపలికి వేలు చూపించింది. మా అత్త మొహం చూడాలి అప్పుడు! తాను తెచ్చిన హార్లిక్స్ దండగైందనుకుందో ఏమో, "గట్లయితే పెద్దదేం గాదన్నట్టు" అని తేల్చేసింది.

అమ్మకు అక్కడ మండింది. ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుట్టే మనిషి. కుట్టు పైకి కనపడకుండా చెయ్యడమే కష్టమైన పని అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

జబ్బు పేరు అకలేసియా. ఆ పేరు మాకు తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. మొదట్లో మెడలో వేలాడే టేపును రొమ్ము మధ్యలో ఆనించి, "ముద్ద ఇక్కడ నిలబడుతుంది బిడ్డా" అనేది. నీళ్లు తాగితే నీళ్లూ అక్కడే నిలబడేవి. లేచి నిలబడి, భుజాలు వెనక్కి విరిచి, ఇంకో గ్లాసు తాగితే అప్పుడు బుడుంగున దిగేది. గ్యాస్ అన్నారు. పరగడుపున వేసుకునే మాత్ర రాశారు. ఒకసారి ఎండోస్కోపీ కూడా చేసి అంతా బాగానే ఉందన్నారు. మొదటి దశలో ఈ జబ్బు ఎండోస్కోపీకి దొరక్కుండా పోవడం మామూలేనని తర్వాత తెలిసింది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "నమిలి తిను, టెన్షన్ పెట్టుకోకు" అని ఫోన్లో నీతులు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అన్నవాహికలో, అంటే గొంతు నుంచి పొట్టకు పోయే గొట్టంలో, గడ్డ ఉంటే సాధారణంగా మొదట గట్టి పదార్థాలు ఆగుతాయి, నీళ్లు తర్వాత. అమ్మకు మొదటినుంచీ రెండూ ఆగాయి. ఆ తేడాను అడిగినవాళ్లు లేరు, చెప్పాలని మాకూ తెలియదు.

పెళ్లిళ్లకు పోవడం మానేసింది. రాత్రుళ్లు దగ్గుతూ లేచేది, దిండు మీద సాయంత్రం తిన్న మెతుకులు తిన్నట్టే ఉండేవి. పదకొండు కిలోలు తగ్గింది. తన జాకెట్లకు తనే రెండుసార్లు పక్క కుట్లు లోపలికి వేసుకుంది. రెండోసారి వేస్తుంటే చూశాను. మర్నాడే హైదరాబాద్ తీసుకొచ్చాను.

అక్కడ సున్నప్పిండి కలిపినట్టుండే బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. పైన వెడల్పాటి గొట్టం, కింద సన్నగా మొనదేలి పక్షి ముక్కులా ఉంది. తర్వాత మ్యానోమెట్రీ. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, కొంచెం కొంచెం నీళ్లు పోసి మింగమంటారు, లోపల ఒత్తిడి ఎక్కడ ఎంతుందో కంప్యూటర్ మీద రంగుల్లో కనిపిస్తుంది. ఆపరేషన్ కంటే అదే నరకమని అమ్మ ఇప్పటికీ అంటుంది.

సంగతేమిటంటే, అన్నవాహిక చివర, పొట్ట మొదలయ్యేచోట ఒక కండరం ఉంగరంలా బిగిసి ఉంటుంది. మింగినప్పుడు వదులవ్వాలి. వదులవ్వమని చెప్పే నరాల కణాలు అక్కడ చచ్చిపోయాయి. ఎందుకు చచ్చాయో చాలామందిలో తేలదు. అవి తిరిగి రావు కాబట్టి ఏ వైద్యం చేసినా తలుపు వదులు చెయ్యడమే. 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు తిమింగలం ఎముకకు స్పాంజి కట్టి, దాంతో ఒక రోగికి ముద్దలు లోపలికి నెట్టించాడట. అది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. అమ్మ భుజాలు విరిచి గ్లాసు ఎత్తడం గుర్తొచ్చింది. 1913లో జర్మనీలో ఎర్న్‌స్ట్ హెల్లర్ ఆ కండరాన్నే నిలువునా కోశాడు. 1990ల నుంచి అదే కోతను పొట్ట మీద నాలుగైదు చిల్లులతో లాపరోస్కోపీలో చేస్తున్నారు.

మా ముందు మూడు దారులు పెట్టారు. బెలూన్‌తో సాగదీయడం, లాపరోస్కోపీ, లేదా నోట్లోంచే వెళ్లి కోసే పోయెం (POEM) అనే పద్ధతి. 1998లో పిత్తాశయం తీసేటప్పుడు అమ్మకు కుడి పక్కటెముకల కింద జానెడు కోత పెట్టారు. "మళ్లీ పొట్ట జోలికి పోవద్దు" అంది. డాక్టర్ కూడా పాత కోత వల్ల లోపల అతుకులు ఉండొచ్చన్నారు. అందుకని పోయెం.

ఆయన ఫైలు వెనక అట్ట మీద బొమ్మ గీశారు. అన్నవాహికకు లోపల పల్చటి పొర, బయట కండరం. ఎండోస్కోప్‌తో దిగి, పైభాగంలో పొర కింద నీలిమందు కలిపిన ద్రవం ఎక్కించి ఉబ్బిస్తారు. అక్కడ రెండు సెంటీమీటర్లు కోసి, పొరకూ కండరానికీ మధ్య సొరంగం చేసుకుంటూ పొట్ట దాకా వెళ్తారు. సొరంగంలోంచే కండరాన్ని కోసి, వెనక్కి వచ్చి, దూరిన చోట క్లిప్పులు పెట్టి మూస్తారు.

అమ్మ బొమ్మ వంక చూసి, "లైనింగ్ ఒకచోట విప్పి, లోపల్నుంచి పోయి పై బట్ట ఇంకోచోట కత్తిరిస్తరు. రెండు కోతలు ఒక్క దగ్గర రావు. కాబట్టి కారదు. అంతేనా సార్?" అంది. ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఆ పద్ధతిలో కీలకం అదేనట.

ఆ రాత్రి నేను నిద్రపోకుండా చదివాను. ఈ కథలో హైదరాబాద్‌కూ ఒక పుట ఉంది. 2000ల మొదట్లో ఇక్కడి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో నాగేశ్వర్ రెడ్డి, జి.వి. రావు నోట్లోంచి వెళ్లి, పొట్ట గోడకు రంధ్రం చేసి అపెండిక్స్ తీశారు. ఆ వీడియో చూసి ప్రపంచంలోని ఎండోస్కోపీ వాళ్లంతా నోరెళ్లబెట్టారు. దాదాపు అప్పుడే, 2004లో, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు పందుల మీద ఇలాంటి ప్రయోగమే ప్రచురించారు. నోట్లోంచి అపెండిక్స్ తీయడం మామూలు వైద్యంగా నిలవలేదు. లాపరోస్కోపీలోనే అది సులువు మరి. కానీ ఆ ఊపులోనే 2007లో పంకజ్ పస్రీచా బృందం పందుల్లో సొరంగంలోంచి కండరం కోసి చూపింది. 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే మనిషికి చేశారు. పోయెం అని పేరు పెట్టిందీ ఆయనే.

ఇంకొకటి కూడా చదివాను. అది చదవకపోయినా బాగుండేదనిపించింది. 2019లో యూరప్‌లో 221 మందితో చేసిన పరిశోధన. రెండేళ్లకు పోయెం 83 శాతం మందికి పనిచేసింది, లాపరోస్కోపీ దాదాపు 82 శాతం మందికి. అంటే సమానమే. కానీ లాపరోస్కోపీలో ఆమ్లం పైకి రాకుండా పొట్ట అంచును కొంత మడిచి అడ్డు కడతారు, పోయెంలో అది ఉండదు. అందుకే రెండేళ్ల తర్వాత ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరుసుకున్నవాళ్లు పోయెంలో 44 శాతం, లాపరోస్కోపీలో 29 శాతం. మర్నాడు డాక్టర్‌ను అడిగితే దాచలేదు. "మంట రావచ్చమ్మా, దానికి మందుంది. ముద్ద దిగకపోవడానికి మందు లేదు" అన్నారు.

ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మత్తిచ్చారు, మేము క్యాంటీన్లో కూర్చున్నాం, గంటన్నరకు పిలిచారు. అమ్మ మెడ కొంచెం ఉబ్బి, నొక్కితే చర్మం కింద బొరుగులు నలిగినట్టు చప్పుడైంది. నాకు చెమటలు పట్టాయి. లోపల నింపిన కార్బన్ డయాక్సైడ్ కొంత పైకి పాకిందని, అదే ఇంకిపోతుందని నర్సు చెప్పింది. రెండు రోజుల్లో పోయింది కూడా. మర్నాడు ఎక్కడా కారడం లేదని ఎక్స్‌రేలో చూసుకున్నాక నీళ్లిచ్చారు. అమ్మ అలవాటు కొద్దీ మంచం దిగి నిలబడబోయి, ఆగింది. కూర్చునే తాగింది. రెండో గుక్క తాగకుండా నా వంక చూసింది.

ఇప్పుడు అన్నం, పప్పు, పచ్చి పులుసు అన్నీ తింటోంది. జాకెట్ల కుట్లు విప్పుకుంది. మంట మాత్రం వచ్చింది, డాక్టర్ అన్నట్టే. మంచానికి తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాం. పొద్దున్నే పరగడుపున వేసుకోమని ఒక మాత్ర రాశారు. చీటీ చూసి అమ్మ కుట్టు మిషన్ సొరుగులోంచి పాత అట్ట తీసింది. ఏడాదిన్నర ఉత్తగా మింగిన గ్యాస్ మాత్ర అదే. ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని తేదీ చూసి, దాటలేదని, ముందు వాటితోనే మొదలుపెట్టింది.