మీది ఏ జిల్లా అంటే తడబడ్డాను

బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న, "మీది ఏ జిల్లా?" రెపో రేటు, సీఆర్ఆర్ లాంటి బ్యాంకింగ్ మాటలు, మొండి బాకీ (ఎన్‌పీఏ)కి తొంభై రోజుల లెక్క, అన్నీ బట్టీ పట్టి వెళ్లినదాన్ని, ఠక్కున "శ్రీకాకుళం" అన్నాను. ఎదురుగా ఉన్న సార్ నా బయోడేటా ఫారం చూసి, "ఇక్కడ విజయనగరం అని రాశారే?" అన్నారు.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. టెన్త్ నుంచి డిగ్రీ దాకా నేను రాసుకున్నది ఒక జిల్లా, ఇప్పుడు ఆధార్‌లో ఉన్నది ఇంకో జిల్లా. ఈ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నేనేమో "సారీ సార్, విజయనగరమే సార్, అంటే ముందు శ్రీకాకుళం సార్" అని నీళ్లు నమిలాను. వెంటనే "ఎన్ని మండలాలు?" అంటే ముప్ఫై ఎనిమిది అన్నాను. అది పాత శ్రీకాకుళం లెక్క. ఇప్పుడు శ్రీకాకుళానికి 30, విజయనగరానికి 27. కోచింగ్‌లో ఎప్పుడో రాసుకున్న నోట్సు అది, తిరిగి చూసుకున్న పాపాన పోలేదు.

అక్కడితో అయిపోలేదు. కిసాన్ క్రెడిట్ కార్డు గురించి అడిగారు. 1998లో వచ్చిందని గర్వంగా చెప్పాను. "మీ నాన్నగారికి ఉందా? ఎంత వడ్డీ పడుతోంది?" అన్నారు మేడమ్. నోరు పెగల్లేదు. మా నాన్న ఏటా బ్యాంకుకెళ్లి ఆ అప్పు రెన్యువల్ చేయించుకొస్తారు, నేను ఒక్కసారైనా ఆ పాస్‌బుక్ తెరిచి చూడలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి చూశాను. ఏడు శాతం వడ్డీ, గడువులోపు కడితే అందులో మూడు శాతం రాయితీ, అంటే నికరంగా నాలుగు. అప్పట్లో మూడు లక్షల దాకా ఇదే లెక్క. రెండేళ్లు బ్యాంకింగ్ అవేర్‌నెస్ చదివిన మనిషికి ఇంట్లో బీరువాలో ఉన్న బ్యాంకింగ్ తెలియలేదు.

ఆ ఏడాది లిస్టులో నా పేరు రాలేదు. తర్వాత ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరాను, పద్నాలుగు నెలలైంది. ఈ మధ్యే రెండోసారి పీఓ ఇంటర్వ్యూకి కూడా వెళ్లొచ్చాను, ఫలితం ఇంకా రాలేదు. కాబట్టి ఇంటర్వ్యూ గురించి, ఉద్యోగానికి రెజ్యూమేతో పాటు పంపే కవర్ లెటర్ గురించి నేను చెప్పబోయేది టాపర్ చెప్పే మాట కాదు. రాత పరీక్ష సంగతి అసలు ఎత్తను. క్వాంట్ (లెక్కల భాగం) ఎలా చదవాలో నాకన్నా బాగా చెప్పేవాళ్లు శ్రీకాకుళంలో రూముకొకరుంటారు.

ఇంటర్వ్యూ గురించి మాత్రం మనం మాట్లాడుకోం. అందరికీ ఉండదు కదా. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే సంస్థ) క్లర్క్‌కి లేదు. కేంద్రంలో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి తీసేశారు. ఐబీపీఎస్ పీఓకి 100 మార్కులకు ఇంటర్వ్యూ పెట్టి, మెయిన్స్ రాత పరీక్షకి 80 శాతం, దీనికి 20 శాతం చొప్పున లెక్కేసి కలుపుతారు. ఏపీపీఎస్సీ గ్రూప్ 1కి 75 మార్కులు. దాంతో మనకి ఇంటర్వ్యూ అనేది ఎప్పుడో కురిసే వాన, మబ్బు కనిపించాకే గొడుగు వెతుక్కుంటాం. ఇక కవర్ లెటర్ అయితే మరీను. నాకు దాని అవసరం పడింది ప్రైవేటు ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టాకే.

మొదటి లెటర్ నేను రాయలేదు. బస్ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్‌కెళ్లి "కవరింగ్ లెటర్ కావాలండీ" అంటే, ఆయన కంప్యూటర్‌లో ఉన్న ఫైలొకటి తెరిచి, కింద నా పేరు కొట్టి, నా రెజ్యూమేకి తగిలించి మెయిల్ పంపేశారు. ఇరవై రూపాయలు. రూముకొచ్చి తాపీగా చదివితే, బీకామ్ చదివిన నాకు మెకానికల్ డిప్లొమా ఉందట, లేత్ మెషిన్ మీద ఆరు నెలల అనుభవం కూడా ఉందట. ఆ కంపెనీ నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఆయన్ని తప్పుపట్టను, పంపే ముందు ఒకసారి చదువుతానని నేను అడగాల్సింది.

రెండోది సొంతంగానే రాశాను. సొంతంగా అంటే ఫోన్‌లో నాలుగు నమూనాలు చూసి, వాటిలో బాగున్న వాక్యాలన్నీ ఏరుకొచ్చాను. డైనమిక్, హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించే అవకాశం... ఆ వారం ఊరెళ్లినప్పుడు నాన్న "ఏటి రాసినావో చదువమ్మా" అన్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు కాబట్టి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. "నేను చురుకైనదాన్ని, ఫలితాల మీద దృష్టి ఉన్నదాన్ని, ఎలాంటి ఒత్తిడిలోనైనా..." అంతా విని, "ఈ మనిషెవులమ్మా?" అన్నారు.

అమ్మ వంటింట్లోంచి ఒకటే నవ్వు. "పొద్దెక్కినా లెగదు, చురుకంట!"

కాసేపాగి నాన్నే అన్నారు, "సంగం లెక్కలు నువ్వే కదా రాత్తావు, అది రాయనేదేటి?"

నిజంగానే రాయలేదు. రాయాలని తోచను కూడా తోచలేదు. అమ్మ వాళ్ల డ్వాక్రా సంఘంలో పదకొండు మంది. ఇంటర్ చదివేటప్పటి నుంచి వాళ్ల తీర్మానాల పుస్తకం, పొదుపు, అంతర్గత అప్పులు, బ్యాంకు లింకేజీ కిస్తీలు నేనే రాస్తున్నాను. ఒకసారి పుస్తకంలో నిల్వకీ పాస్‌బుక్‌లో నిల్వకీ 1,200 రూపాయలు తేడా వచ్చింది. సంఘంలో ఒకరి మీద ఒకరికి అనుమానాలు, మాటా మాటా పెరిగింది. రెండు రాత్రులు కూర్చుని పట్టుకున్నాను. ఒక పిన్ని కిస్తీ నేరుగా బ్యాంకులో కట్టేసింది, పుస్తకంలో ఎక్కించడం మరిచిపోయాం. బీకామ్‌లో దీన్నే బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ అని పది మార్కులకు రాశాను. రెండూ ఒకటేనని మాత్రం నాన్న అడిగేదాకా తట్టలేదు. సంఘం లెక్కలంటే ఇంటి పని, అనుభవం అంటే ఆఫీసులో వచ్చేది అనుకునేదాన్ని.

మూడో లెటర్ దాని చుట్టూనే రాశాను. ఒక పేజీ దాటలేదు. మొదటి పేరాలో ఏ పోస్టుకి, ప్రకటన ఎక్కడ చూశాను, నేనెవరు, అంతే. రెండో పేరా ఇంగ్లీషులో ఇలా అర్థం వచ్చేలా రాశాను: "ఆరేళ్లుగా పదకొండు మంది సభ్యులున్న స్వయం సహాయక సంఘానికి లెక్కలు రాస్తున్నాను. నెలవారీ పొదుపు, అప్పులు, బ్యాంకు కిస్తీలు నమోదు చేసి ప్రతి నెలా పాస్‌బుక్‌తో సరిచూస్తాను. టాలీలో వోచర్ ఎంట్రీ, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు నేర్చుకున్నాను." మూడో పేరాలో ఆ కంపెనీయే ఎందుకో రాయాలి. ఇక్కడే అందరం "ప్రతిష్ఠాత్మక సంస్థ" అంటాం. నేను ఉన్నదున్నట్టు రాశాను. పైడిభీమవరం వైపు యూనిట్ అయితే ఇంటికి దగ్గర, షిఫ్టు అయినా ఇబ్బంది లేదు, ఎప్పుడంటే అప్పుడు చేరగలను అని. ప్రతిష్ఠ గురించి రాసిన వందమందికన్నా, రేపే చేరతానని రాసిన మనిషి వాళ్లకి ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. తప్పైనా కావచ్చు.

మిగతావి చిన్న చిన్న సంగతులు. మెయిల్ సబ్జెక్ట్‌లో పోస్టు పేరు ఉండాలి. లెటర్ పీడీఎఫ్‌లో పంపండి, వర్డ్ ఫైల్ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా విరుగుతుంది. ఫైల్‌కి మీ పేరు పెట్టండి, "న్యూ ఫైనల్ టూ" అని కాదు. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటే మార్చేయండి. నాదెలా ఉండేదో చెప్పను.

ఇక నాకు నిజంగా పనికొచ్చిన విషయం. లెటర్ పంపాక దాన్ని ప్రింట్ తీసి, ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశాను. ఈ వాక్యం చదివితే ఎదుటివాళ్లు ఏమడుగుతారు? "పదకొండు మంది" దగ్గర: అప్పు కట్టనివాళ్లుంటే ఏం చేశారు? "టాలీ" దగ్గర: కాంట్రా ఎంట్రీ ఎప్పుడు వేస్తారు? "సరిచూస్తాను" దగ్గర: తేడా వస్తే ముందు ఎక్కడ వెతుకుతారు? అలా పద్నాలుగు ప్రశ్నలొచ్చాయి. ఆ కంపెనీ ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు, హెచ్ఆర్ మేడమ్, అకౌంట్స్ మేనేజర్ సార్. వాళ్లడిగిన వాటిలో తొమ్మిది నా పెన్సిల్ రాతలోవే. మన ప్రశ్నపత్రం మనమే తయారు చేసి వాళ్లకి పంపిస్తున్నాం, ఆ సంగతి మనకే తెలియడం లేదు. పక్కన ప్రశ్న రాసుకుని రెండు నిమిషాలు జవాబు చెప్పలేని వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి. నేను "అడ్వాన్స్‌డ్ ఎక్సెల్" కొట్టేశాను, "పుస్తక పఠనం" కూడా. బ్యాంకు ఇంటర్వ్యూకి లెటర్ ఉండదు, బయోడేటా ఫారం ఉంటుంది. దానికీ ఇదే పని చేయండి. ఊరి పేరు దగ్గర కూడా ప్రశ్న రాయండి, నా అనుభవం చూశారుగా.

1,200 రూపాయల కథ మేనేజర్ గారు రెండుసార్లు చెప్పించుకున్నారు. మొదటిసారి ఎక్కువ సాగదీశాను. చెప్పేటప్పుడు ఏం జరిగింది, అందులో నా పని ఏంటి, నేనేం చేశాను, చివరికి ఏమైంది, ఈ వరసలో పోతే నిమిషంన్నరలో అయిపోతుంది. మనం సాధారణంగా "ఏం జరిగింది" దగ్గరే మునిగిపోతాం. పిన్నుల గొడవ అంతా వాళ్లకెందుకు.

అందరికీ భయం పుట్టించే ప్రశ్న ఒకటుంది. "డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీ కదా, ఏం చేశారు? బ్యాంకు ఉద్యోగం వస్తే మమ్మల్ని వదిలి పోతారా?" ఇంట్లో బాగోలేదనో, కంప్యూటర్ కోర్సు చేశాననో చెప్పమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేను నిజం చెప్పాను. "రెండేళ్లు బ్యాంకు పరీక్షలకు చదివాను సార్. పీఓ ఇంటర్వ్యూ దాకా వెళ్లాను, రాలేదు. ఇంకోసారి రాస్తాను. వస్తే నోటీసు పీరియడ్ పూర్తిగా చేసి, నా పని ఇంకొకరికి అప్పజెప్పి వెళ్తాను." సార్ నవ్వి "వస్తే అప్పుడు చూద్దాంలే" అన్నారు. అన్నిచోట్లా ఇలాగే అంటారని గ్యారంటీ ఇవ్వను. కొందరు అక్కడికక్కడే ఫైలు మూసేస్తారు. కానీ ఆన్‌లైన్‌లో మన మార్కుల స్క్రీన్‌షాట్లు మనమే పెట్టుకున్నాక, అబద్ధం ఎన్నాళ్లు దాగుతుంది?

మాట తీరు గురించి కూడా చెప్పాలి. మన యాస వస్తుందేమోనని నాకు మహా టెన్షన్. మొదటిసారి విశాఖ వెళ్లినప్పుడు చీపురుపల్లిలో రైలెక్కిన దగ్గర్నుంచి పెదాలు కదుపుతూ ఇంగ్లీషు వాక్యాలే వల్లించుకున్నాను. తీరా లోపలికెళ్లాక మాట తడబడింది యాస వల్ల కాదు, నావి కాని వాక్యాలు గుర్తు తెచ్చుకోవాల్సి రావడం వల్ల. రెండోసారికి పద్ధతి మార్చాను. జవాబు ముందు రూమ్మేట్‌కి మన భాషలోనే, మన యాసలోనే చెప్పేదాన్ని. అది సాఫీగా వచ్చాకే ఇంగ్లీషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకునేదాన్ని. మన గొంతు మనం వినడం మొదటి రెండు రోజులు నరకం. నేను ప్రతి వాక్యానికీ "యాక్చువల్లీ" అంటానని అప్పుడే తెలిసింది.

రెండోసారి పీఓ ఇంటర్వ్యూకి ముందురోజే విజయనగరం వెళ్లి పెద్దమ్మ వాళ్లింట్లో పడుకున్నాను. రాజాం నుంచి ఆ పొద్దున్నే బయల్దేరితే బస్సు, రైలు, ఆటో, మూడింటిలో ఏదో ఒకటి హ్యాండిస్తుంది. ఒరిజినల్స్ ఒక ఫైల్, జెరాక్సులు ఇంకో ఫైల్. ఫారంలో అడిగిన వరసలోనే పేర్చుకోండి. లోపల ఈసారి ఆంధ్రా బ్యాంకు గురించి అడిగారు. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన సంగతి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిన సంగతి చెప్పి, మా సంఘం ఖాతా పాస్‌బుక్ మీద పేరు మారినప్పుడు మా పిన్నులు "మన డబ్బులు ఏటయిపోతాయో" అని కంగారుపడి నన్ను బ్యాంకుకి పంపిన కథ చెప్పాను. మేడమ్ పెన్ను కింద పెట్టి విన్నారు. ఎన్ని మార్కులు వేశారో మరి.

ఇది రాస్తుంటే మా రూమ్మేట్ తన లెటర్ తెచ్చి పక్కన పెట్టింది. వాళ్లది నరసన్నపేట వైపు. రెండో లైన్లోనే "క్విక్ లెర్నర్" అని ఉంది. "ఈ మధ్య ఏం నేర్చుకున్నావే, ఎన్ని రోజుల్లో?" అని అడిగాను. చాలాసేపు గోడవైపు చూసి, మావయ్య ఎరువుల కొట్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగు రోజుల్లో నేర్చుకుని ఖరీఫ్ అంతా తనే బిల్లులు కొట్టానంది. మరి అది రాయమంటే, "ఎరువుల కొట్టని రాత్తే ఏటనుకుంటారో" అంటోంది. ఇంకా తేలలేదు. పెన్సిల్ తన చేతిలోనే ఉంది.