గ్రూప్-1 మెయిన్స్ హిస్టరీ: చంద్రగుప్త మౌర్యుడు ఎవరి కొడుకు?

ఫైనల్ లిస్టులో నా నంబర్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే, హిస్టరీ ఎలా చదివావని. బుక్‌లిస్టులు మీ దగ్గరా ఉన్నాయి, సిలబస్ మీకు కంఠతా వచ్చు. వాటి జోలికి పోను. నా చదువును మలుపు తిప్పిన ఒక్క టాపిక్ చెప్తాను.

"తల్లి పేరు ముర, అందుకే మౌర్యుడు" అన్న లైన్ మనలో చాలామంది నోట్సులో ఉంటుంది. విష్ణుపురాణం మూలంలో ఆ మాట లేదు. నందుల తర్వాత కౌటిల్యుడు చంద్రగుప్తుణ్ణి రాజుని చేస్తాడని చెప్పి ఊరుకుంటుంది. నందుడి భార్య ముర కడుపున పుట్టాడన్నది తర్వాతి వ్యాఖ్యాత చేర్చినది. ముద్రారాక్షసంలో చాణక్యుడు అతణ్ణి 'వృషలా' అని పిలుస్తాడు, శూద్రుడనడానికి దాన్నే చూపిస్తారు. కానీ ఆ నాటకం పుట్టేసరికి చంద్రగుప్తుడు పోయి వందల ఏళ్లయింది. 18వ శతాబ్దంలో దానికి వ్యాఖ్య రాసిన ఢుంఢిరాజు ముర కొడుకు మౌర్యుడనీ, అతని కొడుకు చంద్రగుప్తుడనీ ఇంకో తరం కలిపాడు.

బౌద్ధుల కథ వేరు. మహావంశం అతణ్ణి మోరియ అనే క్షత్రియ తెగవాడంటుంది. పిప్ఫలివనం మోరియులు బుద్ధుడి చితిలోని బొగ్గులు పట్టుకెళ్లారని మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. 12వ శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడేమో నెమళ్లు పెంచేవాళ్ల ఊరిపెద్ద కూతురి కొడుకంటాడు. రోమన్ రచయిత జస్టిన్ సామాన్య కుటుంబంలో పుట్టాడన్నాడు. అన్నట్టు, ఇంకో రోమన్ రచయిత కర్టియస్ చెప్పిన మంగలి కథ నందరాజు తండ్రిది. దాన్ని చంద్రగుప్తుడికి అంటగట్టకండి.

ఇవన్నీ కలగాపులగమై టెన్షన్ పట్టుకున్నప్పుడు లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి మూడు గళ్లు గీశాను: ఏ గ్రంథం, ఎప్పటిది, రాసినవాళ్లది ఏ మతం. అంతే, దారి కనబడింది. ముర కథ చెప్పేవన్నీ బాగా ఆలస్యంగా వచ్చినవి. అశోకుణ్ణి నెత్తిన పెట్టుకున్న బౌద్ధులు ఆ వంశాన్ని గొప్పగా చెప్పుకోవడమూ సహజమే. అయినా చంద్రగుప్తుడు మోరియ గణం (తెగ) వాడన్న ఆధారమే నాకు బలంగా అనిపించింది. గణం క్షత్రియులదే, చంద్రగుప్తుడి నాటికి చితికిపోయి ఉంటుంది అనుకుంటే జస్టిన్ మాటా అందులో ఇమిడిపోతుంది. నా జవాబుల్లో ఇదే రాస్తూ వచ్చాను, కారణాలతో సహా.

"ఒక్క టాపిక్ మీద పీహెచ్‌డీ చేస్తున్నావా?" అని రూమ్‌లో వాళ్లు అనేవారు. అది టైమ్ వేస్ట్ అని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అదే మూడు గళ్ల పేజీ కాకతీయులకీ పనికొచ్చింది. వాళ్ల శాసనాలు కొన్ని చతుర్థ కులం (శూద్ర) వాళ్లమంటాయి, మోటుపల్లి శాసనం సూర్యవంశం దాకా తీసుకెళ్తుంది. పాలిటీ, ఎకానమీ నేనూ మీలాగే చదివాను, కొత్తగా చెప్పేదేం లేదు. కానీ రోజూ ఒక్క జవాబైనా చేత్తో రాయకుండా, అర్ధరాత్రి దాకా మోటివేషన్ వీడియోలు చూస్తే మార్కులు రావు. ఈ మాట కటువుగానే చెప్తున్నాను.

మెయిన్స్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే ముందు వివాదం ఉందని ఒక వాక్యం రాయండి. తర్వాత ఆధారాలు కాలం వరసలో పెట్టండి. చివర్లో మీరు ఎటు మొగ్గుతున్నారో, ఎందుకో తేల్చి చెప్పండి. శాతవాహనులకూ అలాంటి పేజీ ఒకటి గీసుకోండి, గౌతమీ బలశ్రీ నాసిక్ శాసనంతో మొదలుపెట్టి.