బొటనవేలు, బిస్కెట్ డబ్బా

ఫ్యాను గాలికి దుప్పటి కొస కదిలి బొటనవేలికి తగిలింది. ఇల్లంతా లేచేలా అరిచాను. 2022 మే, రాత్రి రెండున్నర. పడుకునేటప్పుడు బాగానే ఉన్న ఎడమ కాలి వేలు మొదట్లో కణుపు వాచి, టమాటా పండులా ఎర్రగా నిగనిగలాడుతోంది. చెయ్యి దగ్గరకు తీసుకెళితే పొయ్యి సెగ. తేలు కుట్టిందేమోనని మా ఆవిడ టార్చి వేసి మంచం కింద వెతికింది. చెన్నైలో, వెస్ట్ మాంబళంలో, మూడో అంతస్తులో తేలు ఎక్కడి నుంచి వస్తుందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

గౌట్ అనే కీళ్ళ జబ్బని మర్నాడు తెలిసింది. రక్తంలో యూరిక్ యాసిడ్ అనే వ్యర్థం డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక కరిగి ఉండలేక సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్ళలో చేరుతుంది. ఒంట్లో చల్లగా ఉండే కాలివేళ్ళంటే దానికి మరీ ఇష్టం. నాది 9.1.

ఆ రోజు నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ వైద్యులే. నెల్లూరు మనిషిని కాబట్టి చేపలే కారణమని అందరూ తేల్చేశారు. రొయ్యలు మానేశాను, నెత్తళ్ళు మానేశాను. అంతటితో ఊరుకోలేదు. పప్పు వద్దన్నారు, పాలకూర వద్దన్నారు, చివరికి టమాటా కూడా వద్దన్నారు. ఎనిమిది నెలలు మజ్జిగన్నం, బీరకాయ కూరతో గడిపాను. అయినా మరో రెండుసార్లు వేలు వాచింది. పప్పు మానిపించిన వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. దాదాపు 47,000 మంది మగవాళ్ళను 12 ఏళ్ళు గమనించిన ఒక అమెరికా అధ్యయనం 2004లోనే వచ్చింది. మాంసం, చేపలు, రొయ్యల వంటివి ఎక్కువగా తినేవాళ్ళకు గౌట్ ముప్పు ఎక్కువే కానీ, పప్పులకూ పాలకూరకూ దానితో సంబంధం కనిపించలేదని తేల్చింది. అది నాకు తెలిసేసరికి నా పప్పు రోజులు వృథాగా పోయాయి.

అసలు దొంగ మా ఇంట్లోనే, మందులు వేసుకునే బిస్కెట్ డబ్బాలో ఉన్నాడు. 2017లో గుండెకు స్టెంట్ వేశారు. అంతకుముందే షుగర్, బీపీ ఉన్నాయి. గుండె డాక్టరు రాసినవి కొన్ని, షుగర్ డాక్టరు రాసినవి కొన్ని, వీధి చివర క్లినిక్‌లో రాసినవి కొన్ని. ఎవరి చీటీ వారిది. ఈ మూడు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. మందులు వేసుకునే నేనూ చూడలేదు.

వేలు వాచినప్పుడల్లా మందుల షాపులో డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కునేవాణ్ణి. సాయంత్రానికి హాయిగా ఉండేది. మూడోసారి, 2023 జనవరిలో, నొప్పి వదలక పది రోజులు వాడాను. పాదాలు ఉబ్బాయి, మూత్రం తగ్గింది. పరీక్ష చేయిస్తే, మూత్రపిండాలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 1.9. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే సామెత ఇంత అక్షరాలా నా కాలికే జరుగుతుందని అనుకోలేదు.

మూత్రపిండాల డాక్టరు చీటీలు చూడనన్నాడు. "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసుకురండి" అన్నాడు. మా ఆవిడ డబ్బాతో సహా తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఆయన పేకముక్కల్లా వరుసగా పేర్చాడు. బీపీ మాత్ర అట్టను తిప్పి వెనక రాసి ఉన్న సన్న అక్షరాలు నాచేత చదివించాడు. ఒక్క మాత్రలో రెండు మందులు: టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్. రెండోది మూత్రం ఎక్కువ పోయించే మందు. అది యూరిక్ యాసిడ్‌ను బయటికి పోనివ్వకుండా రక్తంలో నిలబెడుతుంది. ఈ రెండింటికి డైక్లోఫినాక్ తోడైతే మూత్రపిండానికి మూడు వైపుల నుంచి దెబ్బ. ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే కాఫీ తర్వాత భక్తిగా వేసుకుంటున్న మాత్ర అది.

బీపీ మందు మార్చి లోసార్టాన్, ఆమ్లోడిపిన్ ఇచ్చాడు. లోసార్టాన్ యూరిక్ యాసిడ్‌ను కొంత మూత్రంలో పంపిస్తుందట. స్టెంట్ మూసుకుపోకుండా నేను వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా యూరిక్ యాసిడ్‌ను కాస్త పెంచుతుంది. మరి అది కూడా ఆపేద్దామా అని అడిగాను. "స్టెంట్ ఉన్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదిది" అని నా వైపు చూడకుండానే జవాబిచ్చాడు. ఆ వాపుకు డైక్లోఫినాక్ బదులు ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాడు. నొప్పి పోయింది, షుగర్ 310కి ఎక్కింది. ఆ వారం ఇన్సులిన్ తప్పలేదు.

మార్చిలో యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోపురినాల్ మొదలుపెట్టాడు. మొదట 100 మిల్లీగ్రాములు, తర్వాత నెలనెలా పరీక్ష చూసి మెల్లగా పెంచడం. ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మన్నాడు, అరుదుగా అవి ప్రాణం మీదికి తెస్తాయట. ఏప్రిల్ వచ్చింది. చెన్నైలో ఏప్రిల్ అంటే దద్దుర్లు లేని ఒళ్ళు ఉంటుందా? వీపంతా ఎర్రగా కనిపించగానే ఆటోలో పరుగెత్తాను. ఆయన అద్దాలు సవరించుకుని చూసి, "చెమటకాయలు, పౌడరు రాసుకోండి" అన్నాడు.

ఆ నెలలోనే వేలు మళ్ళీ వాచింది. మందు వేసుకుంటుంటే కూడా వచ్చిందే అన్న ఉక్రోషంతో వారం రోజులు మానేశాను. అది తప్పని తర్వాత తెలిసింది. పాత స్ఫటికాలు కరుగుతూ కదిలేటప్పుడు మొదటి నెలల్లో పోటు రావడం మామూలేనట, మందు ఆపితే మళ్ళీ మొదటికి వస్తామట. అందుకే ఆ పోటు రాకుండా ఆరు నెలలు తోడుగా రోజుకొక కాల్చిసిన్, 0.5 మిల్లీగ్రాములు. అడవినాభి గింజల్లో ఉండే విషమే ఈ మందు. తమిళులు కాందళ్ అనే ఆ మొక్క పువ్వే తమిళనాడు రాష్ట్ర పుష్పం. గింజల కోసం ఇక్కడి రైతులు పండిస్తారు కూడా. నెల్లూరులో మా మేనమామ గౌట్ పోటు వస్తే ఈ మాత్రలే విరేచనాలు పట్టుకునేదాకా గంటకొకటి మింగేవాడు. ఇప్పుడు అలా ఇవ్వరు.

విషమని ఎందుకన్నానో ఆగస్టులో తెలిసింది. దగ్గు, జ్వరంతో క్లినిక్‌కు వెళితే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆర్యగౌడ రోడ్డు దగ్గర మందుల షాపులో చిత్తూరు అమ్మాయి ఒకరు పనిచేస్తారు. చీటీ చూసి, "అంకుల్, మీరు కాల్చిసిన్ తీసుకెళతారు కదా? ఆపారా?" అని అడిగింది. లేదన్నాను. మాత్ర ఇవ్వలేదు. క్లినిక్‌కు ఫోను చేసి, తమిళంలో గట్టిగానే మాట్లాడి, మందు మార్పించింది. ఆ రెండూ కలిస్తే కాల్చిసిన్ ఒంట్లోంచి పోక పేరుకుంటుందట. నా కొలెస్ట్రాల్ మాత్ర ఆటోర్వాస్టాటిన్ కూడా అలాగే పేరుకుని కండరాలను దెబ్బతీస్తుందట. బిల్లు ఎనభై రూపాయలు కూడా కాలేదు.

ఆ రాత్రి తెల్లకాగితం మీద నా మందుల పేర్లు, మోతాదులు, ఎవరు రాశారో, ఎందుకో వరుసగా రాశాను. చివర ఎర్ర సిరాతో "డైక్లోఫినాక్ ఇవ్వకండి" అని రాశాను. చొక్కా జేబులోనే ఉంటుంది. రెండుసార్లు చొక్కాతో పాటు ఉతుక్కుపోయింది, రెండుసార్లూ మళ్ళీ రాశాను.

ఇప్పుడు క్రియాటినిన్ 1.3, యూరిక్ యాసిడ్ 5.4. ఆరు లోపల ఉంచాలన్నది లెక్క. పప్పు రోజూ తింటున్నాను. నెత్తళ్ళ పులుసు మా ఆవిడ ఎప్పుడో ఒకసారి చేస్తుంది. నా కంచంలో ఎన్ని వేయాలో మాత్రం తనే లెక్కపెడుతుంది.