చినిగిన షీటుతో మద్రాసులో మూడు రోజులు

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు సెంట్రల్ దిగగానే నా కాళ్ళు మూర్ మార్కెట్ వైపే లాగుతాయి. అసలు మార్కెట్ 1985లో కాలిపోయింది. అక్కడి పాత పుస్తకాల కొట్లు పక్కనే లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌లోకి మారాయి. నాలుగేళ్ళుగా పాత సర్వే మ్యాపులు పోగేస్తున్నాను. దొరికినవి స్కాన్ చేసి దాచడమే పని. ఈసారి ఒక పెద్దాయన బల్ల కిందినుంచి ఓ కట్ట తీసి, "మ్యాపులంటే ఇవే సార్, ఎవరూ అడగరు" అన్నాడు. మద్రాసులో ఆ వయసువాళ్ళ నోట తెలుగు వింటే ప్రాణం లేచొస్తుంది.

కట్టలో ఒకటి గుడ్డ మీద అతికించిన షీటు. సర్వేవాళ్ళు ఇచ్చిన నంబరు 66 సి/4, అంటే మద్రాసు ప్రాంతం. అంగుళానికి మైలు. మడతల దగ్గర కాగితం పొడిపొడిగా రాలుతోంది. సంవత్సరం ఉండాల్సిన మూల చిరిగిపోయింది. ఆరువందలిచ్చి తీసుకున్నాను. స్వాతంత్ర్యం తర్వాతి షీట్లలో కొన్నిటి మీద రెస్ట్రిక్టెడ్ ముద్ర ఉంటుంది, వాటి జోలికి నేను పోను.

ఆ రాత్రి పల్లావరంలో మా పిన్ని కొడుకు ఇంట్లో భూతద్దం పెట్టి చూశాం. మౌంట్ రోడ్డుకి పడమరగా, మాంబళం దగ్గర, నీలంగా పొడవాటి చెరువు. లాంగ్ ట్యాంక్! 1920ల్లో దాన్ని ఎండగట్టి టి.నగర్ కట్టారు. "అన్నా, అంటే మనం బట్టలు కొనే చోటంతా చెరువేనా!" అంటూ వాడు వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. చెరువు ఉందంటే సర్వే అంతకుముందుదే. చిరిగిన మూల చెప్పనిది చెరువు చెప్పింది.

మర్నాడు స్కానింగ్. ప్లాన్లు ప్రింట్ చేసే షాపులో పెద్ద రోలర్ స్కానర్ ఉంది, రెండు నిమిషాల పని. కానీ అది కాగితాన్ని లోపలికి లాక్కుంటుంది. ఈ మడతలు తట్టుకోవని వెనక్కి తెచ్చేశాను. ఇంట్లో మామూలు స్కానర్ మీద, మూత నొక్కకుండా, అంచులు ఒకదానిమీదొకటి వచ్చేలా పన్నెండు ముక్కలుగా తీశాను. 400 డీపీఐలో, అంటే అంగుళానికి 400 చుక్కల లెక్కన, ఒక్కో చుక్క నేల మీద నాలుగు మీటర్లు. అమెరికా సైన్యం 1950ల్లో అచ్చేసిన 1:2,50,000 మ్యాపులు (అంగుళానికి దాదాపు నాలుగు మైళ్ళు) నెట్లో ఉచితంగానే దొరుకుతాయి, కానీ వాటిలో చిన్న చెరువు ఆవగింజంత. ఇందులో కట్ట వంపు కూడా కనపడుతుంది.

ముక్కలు అతికించాక, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఇవాళ్టి భూమి మీద కూర్చోబెట్టాలి. షీటు మూలల్లో అక్షాంశ రేఖాంశాలున్నాయి కదా అనుకోవద్దు. అవి భూమి ఆకారానికి 1830లో జార్జ్ ఎవరెస్ట్ కట్టిన లెక్క ప్రకారం వేసినవి. ఇవాళ్టి జీపీఎస్‌కి వాటికి నూరు మీటర్లకు పైగానే తేడా. దానికితోడు తేమకి కాగితం సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. అందుకే నూరేళ్ళుగా కదలని చోట్లు కొన్ని కావాలి. రోడ్లు వెడల్పయ్యాయి, చెరువులు పోయాయి. నా షీటులో కింది అంచున, చిరుగుకి వేలెడు దూరంలో, ఒక చర్చి గుర్తు మిగిలింది. పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్.

మూడోరోజు సబర్బన్ రైల్లో వెళ్ళి మెట్లెక్కాం. కొండమీద బ్రిటిష్ సర్వే అధికారి విలియం ల్యాంబ్టన్ విగ్రహం ఉంది. 1802 ఏప్రిల్ 10న ఈ కొండ కింది మైదానంలోనే ఆయన బేస్‌లైన్ కొలత మొదలుపెట్టాడు. సర్వే లెక్కలకి ఆధారంగా నేల మీద కచ్చితంగా కొలిచే తిన్నని గీత అది. పొడవు ఏడున్నర మైళ్ళు. సాధనం నూరడుగుల ఉక్కు గొలుసు. ఎండకి ఉక్కు సాగుతుందని గొలుసుని చెక్క పెట్టెల్లో పరిచి, పక్కనే థర్మామీటర్లు పెట్టి కొలిచారు. ఆ మద్రాసు ఎండలో వంగి ఆ గొలుసు మోసినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. నాకది బాధే.

దక్షిణంగా చూస్తే అపార్ట్‌మెంట్ల వెనక పెరుంబాక్కం వైపు గుట్టలు. గీత రెండో కొస అక్కడే. అది కింది షీటులో, 66 డి/1లో పడుతుంది. నా దగ్గర లేదు.

చర్చి గోడ పక్కన నిలబడి జీపీఎస్ రీడింగ్ నాలుగుసార్లు తీసి సగటు వేశాను. రాత్రి మిగతా పాయింట్లతో షీటుని బిగించి, చర్చిని మాత్రం సరిచూడ్డానికి విడిగా ఉంచాను. తేడా ఇరవై మీటర్లు. షీటు మీద అది మిల్లీమీటరులో మూడోవంతు కూడా కాదు. మావాణ్ణి నిద్ర లేపి మరీ చూపించాను.

తిరుగు రైలుకి ముందు మళ్ళీ ఆ కొట్టుకెళ్ళి, చీటీ మీద 66 డి/1 అని పెద్దక్షరాలతో రాసి, ఫోన్ నంబరుతో సహా పెద్దాయన చేతిలో పెట్టి వచ్చాను.