గంగమ్మ జాతర వేళ హార్వీ ఫయర్‌స్టీన్ ముచ్చట

అమెరికన్ నటుడు, నాటక రచయిత హార్వీ ఫయర్‌స్టీన్ గురించి ఒక సాయంత్రం వచ్చి చెప్పమని తిరుపతిలో నాటకాలు ఆడే మిత్రులు చాలా కాలంగా అడుగుతున్నారు. నేను మే నెలను కోరుకున్నాను. ఆ ఎండల్లో ప్రయాణమేమిటని ఇంట్లో వారించినా, తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగేది ఆ రోజుల్లోనే కనుక, మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి నడివీధిలో నడిచే ఊరిలో, ఆ మనిషి గురించి మాట్లాడటానికి అంతకంటే తగిన సమయం ఉండదనిపించింది.

రైలు దిగి, సంచి మిత్రుని ఇంట్లో పెట్టి, నేరుగా గుడి వైపు నడిచాము. దారి పొడవునా వేపాకు తోరణాలు, పొంగళ్ల పొగ, అంబలి పోసే కడవలు కనిపించాయి. ఆడపిల్లలను చెరపట్టే పాలెగాడిని గంగమ్మ వెంటాడిందని, వాడు భయపడి దాక్కుంటే రోజుకొక వేషంలో వెతికిందని, చివరకు దొర వేషంలో వచ్చి, దొరే వచ్చాడనుకొని బయటపడిన వాడి తల నరికిందని ఇక్కడి కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ జాతర రోజుల్లో సాగే వేషాలన్నీ ఆ కథను అనుసరించినవే. కైకాల వారి వంశీకులు ముఖ్యమైన వేషాలు ధరిస్తే, ఊరి జనం తమ తమ మొక్కులను బట్టి తక్కినవి వేసుకుంటారు.

ఒక సందులో, ఇంటి అరుగు మీద, ముప్పై దాటిన ఒకాయనకు ఇంటిల్లిపాదీ చీర కడుతూ ఉండగా ఆగిపోయాను. భార్య మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సరిచేస్తున్నది. తల్లి సవరం పెట్టి అల్లిన జడలో కనకాంబరాలు తురుముతూ, "తల వంచు నాయనా, జారిపోతుంది" అన్నది. ఆయన మీసం తీయలేదు. ముఖమంతా పూసిన పసుపు మీసం అంచున తడి ఆరక మెరుస్తున్నది. "చిన్నప్పుడు జబ్బు చేస్తే మా అమ్మ మొక్కుకొనింది సార్, అప్పట్నించి ఏటేటా కట్టుకుంటా ఉండా" అన్నాడు. ఆ తల్లి కళ్లలో సంకోచం లేదు, కొడుకును చూసుకుంటున్న సంతోషమే ఉన్నది. ఇంత ప్రేమగా కొడుకు జడలో పూలు పెట్టగలిగిన తల్లి, తన మనసు మగవారి వైపే మొగ్గుతుందని ఆ కొడుకు చెబితే ఏం చేస్తుందన్న ప్రశ్న నన్ను ఆ సందు దాటనివ్వలేదు. ఫయర్‌స్టీన్ తన అతి గొప్ప నాటకాన్ని రాసింది సరిగ్గా ఆ ప్రశ్న చుట్టూనే.

సాయంత్రం మిత్రుని మేడ మీద పదిపదిహేను మంది చేరారు. నేను చెప్పినది ఇది. ఫయర్‌స్టీన్ 1954లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి చేతిరుమాళ్లు తయారుచేసేవారు, తల్లి బడిలో లైబ్రేరియన్. చిత్రకళ చదువుకుంటూనే, 1971లో ఎలెన్ స్టివార్ట్ నడిపే లా మామా అనే చిన్న ప్రయోగాత్మక నాటకశాలలో రంగస్థలం ఎక్కారు. మొరటుగా, గరగరలాడే ఆయన గొంతు ఒకసారి విన్నవారు మరచిపోరు. తాను స్వలింగ సంపర్కినన్న సంగతిని దాచుకోవడమే నటులకు బతుకుతెరువుగా ఉన్న కాలంలో, ఆయన దాన్ని మొదటి నుంచీ బాహాటంగా చెప్పుకున్నారు. అడిగిన వారికి తడబడకుండా సమాధానం ఇచ్చారు.

1978, 1979 సంవత్సరాలలో అదే లా మామాలో విడివిడిగా ఆడిన మూడు నాటకాలు కలిసి 'టార్చ్ సాంగ్ ట్రిలజీ' అయ్యాయి. 1982లో అది న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కూడలి అయిన బ్రాడ్‌వే చేరింది. సుమారు నాలుగు గంటల నాటకం, కథానాయకుడు ఆర్నాల్డ్‌గా రచయితే నటించారు. ఆర్నాల్డ్ వృత్తి ఆడవేషం వేసి పాటలు పాడటం. నాటకం మొదలయ్యేసరికి అతడు అద్దం ముందు కూర్చుని రంగు పూసుకుంటూ మనతో మాట్లాడుతుంటాడు. వేషం ఎంత సొగసుగా ఉన్నా, ఆ మాటలన్నీ తోడు కోసం, ఇల్లు కోసం, నిలకడైన ప్రేమ కోసం పడే తపనను గురించే. వేషాన్ని మెచ్చుకునే లోకం, వేషం తీసిన మనిషిని ఇంట్లోకి రానివ్వకపోవడమే అతని కష్టమంతా.

మూడవ భాగం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఆర్నాల్డ్ ప్రేమించిన ఆలన్ అనే యువకుణ్ణి, స్వలింగ సంపర్కులంటే కసి పెంచుకున్న కుర్రాళ్లు వీధిలో కొట్టి చంపుతారు. ఇద్దరూ కలిసి పెంచుకోవాలనుకున్న డేవిడ్ అనే కుర్రవాణ్ణి ఆర్నాల్డ్ ఒంటరిగా సాకుతుంటాడు. తల్లి ఫ్లోరిడా నుంచి వస్తుంది. తల్లీకొడుకులు శ్మశానానికి వెళతారు. ఆమె భర్త సమాధి ముందు, యూదులు చనిపోయినవారి కోసం చదివే ప్రార్థన చదువుతుంటే, కొడుకు పక్కనే ఆలన్ కోసం అదే ప్రార్థన చదువుతాడు. ఆమెకు పట్టరాని కోపం వస్తుంది. తన ఇన్నేళ్ల కాపురాన్ని, తన వైధవ్యాన్ని వాడి బంధంతో సమానం చేయడం ఆమె భరించలేదు. భర్త పోయినప్పుడు ఊరంతా ఆమెను ఓదార్చడానికి వచ్చింది. ఆర్నాల్డ్ ఏడుపుకు ఒక్కరూ రాలేదు. కర్మకాండలో ఎవరు ఏ వరుసలో నిలబడాలో ఎంత పట్టింపుగా చూసుకుంటామో తెలిసిన మనకు ఈ సన్నివేశం వివరించనక్కరలేదు. తనకు ప్రేమా గౌరవమూ తప్ప ఎవరి నుంచీ మరేమీ అక్కరలేదని, ఆ రెండూ ఇవ్వలేని వారికి, తల్లయినా సరే, తన జీవితంలో చోటు లేదని ఆర్నాల్డ్ తెగేసి చెబుతాడు. అప్పుడు మేడ మీద ఒక్కరూ మాట్లాడలేదు.

"చివరికి ఆయమ్మ ఒప్పుకొనిందా సార్?" అని డిగ్రీ చదువుతున్న కుర్రవాడొకడు అడిగాడు. ఒప్పుకోదు. కానీ వెళ్లేముందు, పోయినవారి బాధ కాలంతో తగ్గుతుందే కాని పూర్తిగా పోదని కొడుకుకు చెబుతుంది. అంటే వాడి దుఃఖాన్ని దుఃఖంగా గుర్తించినట్టే. అంతకు మించి కలిపి ముగించకపోవడం ఫయర్‌స్టీన్ నిజాయితీ అని నా అభిప్రాయం.

ఆ నాటకానికి 1983లో ఆయనకు రచనకూ నటనకూ రెండు టోనీలు, అంటే అమెరికన్ రంగస్థలపు అత్యున్నత పురస్కారాలు, వచ్చాయి. తక్కినవి త్వరగా చెప్పాను: 'లా కేజ్ ఓ ఫోల్' సంగీత నాటకపు రచనకు మరొకటి, 2003లో 'హెయిర్‌స్ప్రే'లో ఎడ్నా అనే లావుపాటి తల్లి వేషానికి నాలుగవది, 2025లో జీవన సాఫల్య పురస్కారం. 'మిసెస్ డౌట్‌ఫైర్' సినిమాలో రాబిన్ విలియమ్స్‌ను ముసలమ్మగా తీర్చిదిద్దే సోదరుడి పాత్ర ఆయనదే అంటే కుర్రకారు గుర్తుపట్టారు. 2014 నాటి 'కాసా వాలెంటీనా' మాత్రం ఇక్కడివాళ్లు తప్పక చదవాలి. భార్యాబిడ్డలున్న మగవాళ్లు, వారాంతాల్లో కొండల్లోని ఒక విడిదిలో చేరి ఆడబట్టలు కట్టుకోవడం దాని కథ. చీర కట్టిన ప్రతివాడూ ఆర్నాల్డ్ కాడని, ఆర్నాల్డ్ వంటివాళ్లందరూ చీర కట్టరని విడమరచి చూపించిన రచయిత ఆయన.

చిత్తూరు వైపు ధర్మరాజు గుళ్లలో రాత్రిళ్లు ఆడే భారతంలో ఏళ్ల తరబడి ద్రౌపది వేషం కట్టిన పెద్దాయన గోడకు ఆనుకొని అంతా విన్నాడు. "ద్రౌపదమ్మగా వస్తే ఆడోళ్లు నా కాళ్లకు దణ్ణం పెడతారు సార్. తెల్లారి అదే వీధిలో పోతుంటే పిల్లోళ్లు నడక చూసి ఎగతాళి చేస్తారు" అన్నాడు. తన మనసు సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. వీధిలో ఎగతాళి ఆగాలంటే తీర్పుతో పాటు నాటకం కూడా కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

మూడవ భాగాన్ని తెలుగులో చదివి చూద్దామన్న మాట అక్కడే పుట్టింది. 2018లో బ్రాడ్‌వేలో మళ్లీ ఆడినప్పుడు రచయితే నాటకాన్ని కుదించారు కనుక, ఆ పాఠమే మేలని చెప్పాను. ప్రదర్శన దాకా వస్తే అనుమతి తప్పనిసరి. కథను తిరుపతికి మార్చి, తల్లిని గంగమ్మ భక్తురాలిని చేద్దామని కొందరు ముచ్చటపడ్డారు. నేను ఒప్పుకోలేదు. ఆ తల్లి యూదు తల్లిగానే ఉండాలి, ఆ శ్మశానం న్యూయార్క్‌లోనే ఉండాలి. మన సొంత తల్లి కథను మనమే వేరుగా రాసుకోవాలి. చాలాసేపు వాదించుకున్నాక, ముందు అనువాదం, తరువాత సొంత నాటకం అని తేలింది. తల్లి వేషం తనకే ఇవ్వాలని పెద్దాయన పట్టుబట్టాడు. ఆర్నాల్డ్ ఎవరన్నది ఇంకా తేలలేదు.